‘ఆయన అంటున్నది మమ్మల్ని కాదు’

టెక్సాస్ దక్షిణపు కొసన, రియో గ్రాండే నదిని ఆనుకుని స్టార్ కౌంటీ ఉంది. నది అవతలి గట్టు మెక్సికో. ఇక్కడి జనంలో 97 శాతం దాకా హిస్పానిక్‌లే, అంటే స్పానిష్ మూలాలున్నవాళ్లే. కొట్లోనైనా చర్చిలోనైనా ముందు చెవిన పడేది స్పానిష్. 1892 తర్వాత నూట ముప్పై ఏళ్లపాటు అధ్యక్ష ఎన్నికల్లో ఈ కౌంటీ ఒక్క రిపబ్లికన్‌నూ గెలిపించలేదు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 79 శాతం ఓట్లు వేసింది. 2020లో బైడెన్ అయిదు శాతం తేడాతో గట్టెక్కారు. 2024లో ట్రంప్ దాదాపు 58 శాతంతో గెలిచారు. పేపర్లు లేనివాళ్లను అమెరికా చరిత్రలో ఎన్నడూ లేనంత పెద్ద ఎత్తున పంపించేస్తానని ప్రతి సభలో చెప్పి మరీ గెలిచారు.

వలస వచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ, వలసదారులను తరిమేస్తానన్న మనిషికి ఎలా ఓటేశారు? ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. తాము పైకెక్కాక నిచ్చెన లాగేసుకునే స్వార్థమని కొందరంటారు. చట్టాన్ని గౌరవించే నిజమైన దేశభక్తి అని ఇంకొందరంటారు. రెండూ ఎదుటివాడి నోరు మూయించడానికి పనికొస్తాయి తప్ప విషయం అర్థం కావడానికి పనికిరావు. ఆ ప్రశ్నే ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకుని మొదలవుతుంది: వాళ్లంతా ఒకటే జనం, కాబట్టి వచ్చేవాళ్లు వీళ్లకు సొంతవాళ్లు అని. ఆ ‘సొంతం’ అనే గీత ఎవరు గీశారో చూడాలి. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు కాస్త లెక్క సరిచూసుకుందాం. 2024లో కూడా హిస్పానిక్ ఓటర్లలో ఎక్కువమంది ట్రంప్ వైపు లేరు. సర్వేలు చేసే ప్యూ రిసెర్చ్ సెంటర్ లెక్కల ప్రకారం కమలా హ్యారిస్‌కు 51 శాతం, ట్రంప్‌కు 48 శాతం. కాకపోతే 2020లో ఇదే లెక్క 61–36గా ఉండేది, కాబట్టి మార్పు పెద్దదే. దానికి మొదటి కారణం వలస కూడా కాదు. గుడ్ల ధర, ఇంటి అద్దె, పెట్రోలు. పైగా అక్రమ వలసను వ్యతిరేకించడం వేరు, ట్రంప్‌కు ఓటేయడం వేరు. టెక్సాస్ సరిహద్దులోని లారెడో నుంచి ఏళ్లుగా కాంగ్రెస్‌కు గెలుస్తున్న హెన్రీ కుయెల్యార్ డెమోక్రాటే. సరిహద్దు విషయంలో సొంత పార్టీని ఆయన విమర్శించినంతగా కొందరు రిపబ్లికన్లు కూడా విమర్శించి ఉండరు.

ఒకే గడిలో అందరూ

‘హిస్పానిక్’ అనే లెక్కకు వయసు ఎక్కువేం లేదు. 1976లో అమెరికా కాంగ్రెస్ స్పానిష్ మూలాలున్న వాళ్ల వివరాలు విడిగా సేకరించాలని చట్టం చేసింది. మరుసటి ఏడాది ప్రభుత్వ శాఖలన్నిటికీ ఒక ఆదేశం వెళ్లింది. 1980 జనాభా లెక్కల్లో ఆ ప్రశ్న ప్రతి ఇంటికీ చేరింది. అంతకుముందు టెక్సాస్‌లో మెక్సికన్లు, న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్లు, మయామీలో క్యూబన్లు ఎవరి లోకంలో వాళ్లుండేవారు. ఢిల్లీలో ఒకప్పుడు అమలాపురం మనిషినీ మదురై మనిషినీ మైసూరు మనిషినీ కలిపి ‘మద్రాసీ’ అనేవారు గుర్తుందా? ఇదీ అలాంటి పేరే. కాకపోతే దీనికి ప్రభుత్వ ముద్ర పడింది, ఓట్లూ నిధులూ దీని మీదే లెక్క కట్టడం మొదలైంది.

గడి ఒక్కటే గానీ లోపలున్న వాళ్లకు చట్టం ఒక్కటి కాదు. ప్యూర్టోరికోలో పుట్టినవాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులే. వాళ్లకు వీసా గొడవే లేదు. 1966లో చేసిన ప్రత్యేక చట్టం వల్ల క్యూబా నుంచి అధికారుల అనుమతితో లోపలికి వచ్చినవాళ్లు కొంతకాలం ఉంటే చాలు, గ్రీన్ కార్డుకు అప్లై చేసుకోవచ్చు. 2017 జనవరి దాకా క్యూబన్లు అమెరికా గడ్డ మీద కాలు పెడితే ఉండనిచ్చేవారు, సముద్రంలో దొరికితే వెనక్కి పంపేవారు. వెనెజ్వెలా వాళ్లకు 2021లోనూ 2023లోనూ, వెనక్కి పంపకుండా ఉండనిచ్చే తాత్కాలిక రక్షణ దొరికింది. గ్వాటెమాలా, మెక్సికో వాళ్లకు ఇలాంటి దారి ఏదీ లేదు. ఇక రియో గ్రాండే లోయలో కొన్ని కుటుంబాలు ఎక్కడినుంచీ వలస రాలేదు. 1848లో అమెరికా, మెక్సికోల యుద్ధం ముగిసి ఒప్పందం కుదిరాక సరిహద్దే కదిలి వాళ్ల పొలాలకు దక్షిణాన ఆగింది. మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటిందనే నినాదం అక్కడి నుంచే పుట్టింది. వలసదారుల హక్కుల కోసం పోరాడేవాళ్లు దాన్ని ఎక్కువగా వాడతారు. తమాషా ఏమిటంటే, ఆ పాత కుటుంబాల్లో కొందరు అదే మాటతో దానికి పూర్తిగా వ్యతిరేకమైన వాదన చేస్తారు: మేం ఇక్కడివాళ్లం, మమ్మల్ని వలసదారుల లెక్కలో వేయొద్దు.

2024 అక్టోబర్‌లో న్యూయార్క్ టైమ్స్, సియెనా కాలేజీ కలిసి హిస్పానిక్ ఓటర్ల మధ్య సర్వే చేశాయి. ట్రంప్ వలసదారుల గురించి మాట్లాడేటప్పుడు ఆయన అంటున్నది తమ గురించి కాదని మూడింట రెండొంతుల మంది చెప్పారు. పేపర్లు లేకుండా ఉంటున్నవాళ్లను పంపించేయాలన్న ప్రతిపాదనకు 45 శాతం మద్దతు పలికారు. బయటివాళ్లకు ఆశ్చర్యంగా అనిపించిన ఈ రెండు అంకెలూ స్టార్ కౌంటీలో ఎవరికీ కొత్త కాదు.

చావెజ్ కాలం నాటి గొడవ

ఇదంతా ట్రంప్‌తో మొదలైందని అనుకుంటే పొరపాటు. ఈ వాదానికి వందేళ్ల చరిత్ర ఉంది, అదీ హక్కుల ఉద్యమం నడిబొడ్డున.

1929లో కార్పస్ క్రిస్టీలో లులాక్ అనే సంఘం పుట్టింది. హిస్పానిక్‌ల హక్కుల సంఘాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది. స్కూళ్లలో పిల్లలను వేరుచేయడం మీద, హోటళ్ల ముందు పెట్టే ‘మెక్సికన్లకు ప్రవేశం లేదు’ బోర్డుల మీద పోరాడింది. అయితే సభ్యత్వం మాత్రం అమెరికా పౌరులకే. ఇంగ్లీషు నేర్చుకోండి, దేశానికి విధేయంగా ఉండండి అనేది దాని బాట. ఆ జాగ్రత్త ఎందుకో ఆ తర్వాతి పదేళ్లు చూస్తే తెలుస్తుంది. 1930ల మాంద్యంలో ఉద్యోగాలు లేవన్న సాకుతో లక్షల మంది మెక్సికన్లను రైళ్లెక్కించి దక్షిణానికి పంపేశారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన పౌరులని 2005లో కాలిఫోర్నియా క్షమాపణ చెబుతూ చేసిన చట్టమే ఒప్పుకుంది. పేపర్లు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా చూపించుకోకపోతే ఇద్దరికీ ఒకటే గతి పడుతుందన్న భయం అప్పుడే నాటుకుంది.

1948లో డాక్టర్ హెక్టర్ గార్సియా అమెరికన్ జీఐ ఫోరమ్ పెట్టారు. ఆయనే మెక్సికోలో పుట్టి పిల్లవాడిగా టెక్సాస్ వచ్చిన మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన మెక్సికన్ అమెరికన్ సైనికుల సంఘం అది. 1953లో ఇదే ఫోరమ్ టెక్సాస్ కార్మిక సమాఖ్యతో కలిసి దొంగతనంగా నది దాటి వచ్చే కూలీల మీద ఒక పుస్తకం వేసింది. దాని శీర్షికలోనే వాళ్లను ‘వెట్‌బ్యాక్’ అనే తిట్టుమాటతో పిలిచింది. చవగ్గా దొరికే కూలీల వల్ల ఇక్కడివాళ్ల కూలి రేటు పడిపోతోందన్నది ఫిర్యాదు. మరుసటి ఏడాది ప్రభుత్వం అదే తిట్టుమాటను పేరుగా పెట్టి ఏరివేత మొదలెట్టింది. పది లక్షల మందికి పైగా పంపించామని గొప్పగా చెప్పుకుంది, ఆ అంకె బాగా పెంచి చెప్పిందేనని చరిత్రకారులు అంటారు. పని మీద బయటికి వెళ్లిన పౌరులు కూడా ఆ వలలో పడ్డారు. 

ఇక సీజర్ చావెజ్. కాలిఫోర్నియాలో ఆయన పేరు లేని పెద్ద ఊరు దాదాపు ఉండదు. 1962లో పొలం కూలీల సంఘం కట్టారు. 1965లో డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిప్పీనో కూలీలు మొదలుపెట్టిన సమ్మెలో చేరి దాన్ని దేశమంతా తెలిసేలా చేశారు. ఆయనకు ముందు నుంచీ కొరుకుడుపడనిది బ్రసేరో పథకం. 1942 నుంచి 1964 దాకా మెక్సికో నుంచి కూలీలను ఒప్పందం మీద తెచ్చిన పథకం అది, మొత్తం 46 లక్షల ఒప్పందాల దాకా జరిగాయి. అది ఆగితేనే సంఘాలకు బలం వస్తుందని చావెజ్ వాదించారు. ఆగింది కూడా. కానీ తోటల యజమానులు ఊరుకోలేదు. సమ్మె మొదలైతే చాలు, పేపర్లు లేని కూలీలను లారీల్లో దించేవారు. సమ్మె చెడగొట్టడానికి తెచ్చిన ఆ కూలీలు ఫిర్యాదు చేయలేరు, సంఘంలో చేరలేరు, ఇచ్చినంత తీసుకుని నోరెత్తరు.

1974లో అరిజోనాలోని యూమాలో నిమ్మతోటల సమ్మె నడుస్తుండగా ఈ గొడవ ముదిరింది. చావెజ్ సంఘం సరిహద్దు వెంబడి గుడారాలు వేసి, దాటి వచ్చేవాళ్లను ఆపడానికి సొంత మనుషులను కాపలా పెట్టింది. దాన్ని ‘వెట్ లైన్’ అనేవారు. నడిపించింది చావెజ్ చిన్నాన్నో పెదనాన్నో కొడుకు వరస అయిన మాన్యుయెల్ చావెజ్. దాటేవాళ్లను కొట్టారన్న ఆరోపణలు వచ్చాయి. అదే సమయంలో పేపర్లు లేకుండా పనిచేస్తున్నవాళ్ల వివరాలు ఇమ్మిగ్రేషన్ శాఖకు చెప్పమని సంఘం తన ఆఫీసులకు సూచించింది. లాస్ ఏంజలెస్‌లో పేపర్లు లేని కార్మికులను సంఘటితం చేస్తున్న బెర్ట్ కరోనా దీన్ని గట్టిగా ఖండించారు. కూలీ మీద కూలీని ఉసిగొల్పితే గెలిచేది తోట యజమానే అన్నది ఆయన వాదన. చికానో (మెక్సికన్ అమెరికన్) విద్యార్థి సంఘాలు కూడా తిరగబడ్డాయి. అదే ఏడాది చావెజ్ స్వరం తగ్గించి, ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకు చట్టబద్ధత ఇవ్వాలన్నారు. తర్వాత ఆయన సంఘం 1986 నాటి క్షమాభిక్ష చట్టాన్ని సమర్థించింది.

ఈ కథను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఈ రోజుల్లో అక్రమ వలసను వ్యతిరేకించే హిస్పానిక్‌లు చావెజ్ కూడా ఇదే అన్నాడని ఆయన్ను తమవాడిగా చెప్పుకుంటారు. ఎదుటివాళ్లు ఆయన చివరికి మారాడు కదా అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఆయన కోపం మనుషుల రంగు మీద, భాష మీద ఎప్పుడూ లేదు. సమ్మె విరిగిపోతుందన్నదే ఆయన బాధ. ఇప్పటి వాదనల్లో ఆ కూలి లెక్క చాలాసార్లు మాయమై చట్టం, దేశభక్తి అనే మాటలే మిగులుతున్నాయి. నాకు ఇందులో పెద్ద తేడానే కనిపిస్తుంది.

ఎందుకు వద్దంటారు

ఎక్కువగా వినిపించే మాట ‘మేం లైన్లో నిలబడి వచ్చాం’. దీని వెనకాల నిజమూ ఉంది, మరిచిపోయిన చరిత్రా ఉంది.

నిజం ముందు. మెక్సికో నుంచి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పిలిపించుకోవాలంటే కోటా క్యూ ఇరవై ఏళ్లు దాటింది. ఫీజులు కట్టి, లాయర్లకు ఇచ్చి, అమ్మ చనిపోతే చివరిచూపుకు వెళ్లాలా వద్దా అని భయపడి, చివరికి పౌరసత్వం తెచ్చుకున్నవాడికి నది దాటి వచ్చినవాణ్ని చూస్తే ఒళ్లు మండుతుంది. దీన్ని తప్పుపట్టడం తేలిక. అదే క్యూలో మనవాళ్లూ ఉన్నారు. ఒక్కో దేశానికి ఏడు శాతమనే పరిమితి వల్ల ఫ్రిస్కోలో, ఎడిసన్‌లో ఉండే తెలుగు ఇంజనీరు హెచ్‌1బీ మీద ఏళ్లకేళ్లు గ్రీన్ కార్డు కోసం కాచుకుని ఉంటాడు. పిల్లకు ఇరవై ఒకటి నిండితే డిపెండెంట్ వీసా పోతుందన్న టెన్షన్ వేరే. 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయులను సంకెళ్లతో అమృత్‌సర్‌లో దించినప్పుడు, 2019లో మిచిగన్‌లో అమెరికా ప్రభుత్వమే ఉచ్చుగా పెట్టిన ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీలో ఎక్కువగా తెలుగు విద్యార్థులే చిక్కుకున్నప్పుడు, మన వాట్సాప్ గ్రూపుల్లో జాలీ కోపమూ పక్కపక్కనే కనిపించాయి. పాపం పిల్లలు అన్నవాళ్లున్నారు. వీళ్ల వల్ల మన పేరూ పోతుంది అన్నవాళ్లూ ఉన్నారు. ఆ రెండో మాట స్టార్ కౌంటీలో వినిపించేదే.

మరిచిపోయిన చరిత్ర ఏమిటంటే, ఇప్పుడు గర్వంగా చెప్పుకునే తాతల కాలంలో ఆ లైన్ లేదు. 1924 నాటి కోటా చట్టం యూరప్, ఆసియాలకు తలుపులు బిగించింది గానీ మెక్సికోకు సంఖ్యా పరిమితి పెట్టలేదు. తోటలకూ రైల్వేలకూ కూలీలు కావాలి మరి. తలపన్ను, వీసా ఫీజు కట్టి, చదవడం వచ్చని చూపిస్తే లోపలికి రానిచ్చేవారు. అమెరికా ఖండాల దేశాలన్నిటికీ కలిపి ఏటా 1,20,000 అనే పరిమితి 1968లో అమల్లోకి వచ్చింది. 1976లో ఒక్కో దేశానికి 20,000 అన్నారు. బ్రసేరో అప్పటికే ఆగిపోయింది. పనులు అవే, మనుషులు వాళ్లే, దారి మాత్రం మూసుకుపోయింది. ఇవాళ పెద్ద చదువు అక్కర్లేని పనులకు ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు 10,000 మించవు. హోండురాస్ నుంచి వచ్చే తాపీ మేస్త్రీకి, అమెరికాలో దగ్గరి బంధువు లేకపోతే, నిలబడడానికి లైనంటూ దాదాపు లేదు. వ్యతిరేకించేవాళ్లతో వాదించేటప్పుడు ఎదుటివాళ్లు తీసే మొదటి పాయింటు ఇదే. రెండోది 1986 క్షమాభిక్ష. ఆ చట్టం కింద దాదాపు 27 లక్షల మందికి పేపర్లు వచ్చాయి. ఇవాళ గట్టిగా మాట్లాడే పెద్దవాళ్లలో కొందరి గ్రీన్ కార్డు అక్కడిదే. చట్టం ఇచ్చింది, తీసుకున్నాం, అందులో తప్పేముంది అన్నది వాళ్ల జవాబు.

సరిహద్దు పక్కన బతకడం ఇంకో సంగతి. టెక్సాస్‌లో నది ఒడ్డునే ఉన్న ఈగిల్ పాస్ జనాభా ముప్పై వేల లోపే. 2023 సెప్టెంబర్‌లో ఒక్కోరోజు వేల మంది నది దాటి వచ్చి ఊళ్లో పడ్డారు. మేయర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆస్పత్రిలో పడకలు, అంబులెన్సులు, నదిలో తేలే శవాలు అన్నీ ఆ చిన్న ఊరి నెత్తిన పడ్డాయి. న్యూయార్క్‌లో కూర్చుని సానుభూతి చూపడం తేలికని అక్కడివాళ్లు అనడంలో అర్థముంది. ఆ ఊరున్న మావరిక్ కౌంటీ 2020లో బైడెన్‌ను గెలిపించినా 2024లో ట్రంప్‌ను గెలిపించింది.

దానికి తోడు ఉద్యోగం. దేశం మొత్తం మీద సరిహద్దు కాపలా దళమైన బోర్డర్ పెట్రోల్‌లో పనిచేసేవాళ్లలో దాదాపు సగం మంది హిస్పానిక్‌లే. నది ఒడ్డున ఉన్న ఆ కౌంటీలు దేశంలోనే పేదవాటిలో లెక్క. డిగ్రీ లేకుండా మంచి జీతం, ఆరోగ్య బీమా, పెన్షన్ దొరికే ఉద్యోగం అక్కడ ఇంకేముంది? ఇమ్మిగ్రేషన్ శాఖలో పనిచేసే లాటినోలను (హిస్పానిక్‌లకే మరో పేరు) కలిసి మాట్లాడిన డేవిడ్ కోర్టెజ్ అనే పరిశోధకుడికి తేలిందీ ఇదే: వాళ్లు చేరింది జాతి మీద ద్వేషంతో కాదు, ఇల్లు గడవడం కోసం. ఆకుపచ్చ యూనిఫాం వేసుకున్న బావమరిది ఉన్న ఇంట్లో ‘సరిహద్దు తెరవండి’ అనే నినాదం ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

మరో రకం కోపం షికాగోలో కనిపించింది. 2022 నుంచి టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ లక్ష మందికి పైగా వలసదారులను బస్సుల్లో న్యూయార్క్, షికాగో, డెన్వర్ లాంటి నగరాలకు పంపారు. వచ్చినవాళ్లలో వెనెజ్వెలా వాళ్లు చాలామంది. వాళ్లకు షెల్టర్లు దొరికాయి, తాత్కాలిక రక్షణ కింద పని చేసుకునే పర్మిట్లు వచ్చాయి. అదే నగరంలో పాతికేళ్లుగా గిన్నెలు కడుగుతూ, పన్నులు కడుతూ, పేపర్లు లేకుండానే పిల్లలను పెంచిన మెక్సికన్లు ఇది చూశారు. మాకెందుకు ఇవ్వరని అడిగారు. వాళ్లు ఓటేయలేరు గానీ ఓటేసే పిల్లలు ఉన్నారు. నన్నడిగితే 2024 లెక్కల వెనక బయటికి సరిగా కనబడని కారణాల్లో ఇదొకటి.

ఇంట్లో, వీధిలో

ఇలా మాట్లాడిన హిస్పానిక్‌లను సమాజం ఊరికే వదలదు. ‘వెందీదో’ అంటే అమ్ముడుపోయినవాడు. ‘కోకోనట్’ అంటే బయట గోధుమరంగు, లోపల తెలుపు. మెక్సికన్లయితే అయిదొందల ఏళ్ల వెనక్కి వెళ్లి, స్పానిష్ సేనాని కోర్తెస్‌కు దుబాసీగా పనిచేసిన మాలించే పేరుతో తిడతారు. పండగ రోజుల్లో భోజనాల దగ్గర ఈ మాట ఎత్తొద్దని ముందే ఒప్పందం చేసుకునే ఇళ్లున్నాయి. అన్న బోర్డర్ పెట్రోల్, వదిన తమ్ముడికి పేపర్లు లేవు అనే కుటుంబాలు ఆ లోయలో వింత కాదు.

మైరా ఫ్లోరెస్ సంగతి చూడండి. మెక్సికోలోని తమౌలిపాస్‌లో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో వచ్చారు. భర్త బోర్డర్ పెట్రోల్‌లో పనిచేశారు. 2022 జూన్ ఉపఎన్నికలో రియో గ్రాండే లోయ నుంచి రిపబ్లికన్‌గా గెలిచి, మెక్సికోలో పుట్టి అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లిన మొదటి మహిళ అయ్యారు. కొందరికి ఆమె గర్వకారణం, కొందరికి నటన. అదే ఏడాది నవంబర్‌లో ఓడిపోయారు, 2024లో ట్రంప్ గాలి వీచినా మళ్లీ ఓడిపోయారు. అంటే ట్రంప్‌కు ఓటేసిన చేత్తోనే కొందరు పక్క గడిలో డెమోక్రాట్‌కు వేశారు. ఇంత తేడాగా ఆలోచించే ఓటర్లకు ‘ద్రోహి’ అనే ఒక్క ముద్ర ఎక్కడ సరిపోతుంది?

విమర్శించేవాళ్ల వైపు కూడా తిట్లు మాత్రమే లేవు. వాళ్లు చెప్పే బలమైన మాట ఒకటుంది: నువ్వు నీకూ వాళ్లకూ మధ్య గీత గీసుకున్నావు, సరే, ఆ గీత పోలీసుకు కనిపిస్తుందా? 1930ల్లో కనిపించలేదు, 1954లో కనిపించలేదు. 1994లో కాలిఫోర్నియాలో, పేపర్లు లేనివాళ్లకు స్కూళ్లూ వైద్యమూ ఆపేయాలన్న 187వ ప్రతిపాదనకు ఎగ్జిట్ పోల్స్ ప్రకారం లాటినో ఓటర్లలో సుమారు నాలుగోవంతు మంది మద్దతిచ్చారు. 2004లో అరిజోనాలో అలాంటి ప్రతిపాదనకే 47 శాతం దాకా ఇచ్చారు. ఓటు వేసేటప్పుడు మనసులో ఉండేది నిన్న వచ్చినవాడు. చట్టం అమలయ్యేటప్పుడు ఆపేది రంగునూ యాసనూ చూసి.

2025 పరీక్ష

ఈ మాట ఎంతవరకు నిజమో 2025లో తేలడం మొదలైంది. జూన్‌లో లాస్ ఏంజలెస్‌లో బట్టల గోదాముల్లో, కూలీలు నిలబడే హోమ్ డిపో దుకాణాల పార్కింగ్ స్థలాల్లో ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లు మనుషులను ఆపి ప్రశ్నించడం మొదలెట్టారు. పౌరులూ దొరికారు. రంగు, భాష, ఉన్న చోటు, చేసే పని మాత్రమే చూసి ఎవరినీ ఆపొద్దని జులైలో ఫెడరల్ జడ్జి ఆదేశమిచ్చారు. సెప్టెంబర్ 8న సుప్రీంకోర్టు 6–3తో ఆ ఆదేశాన్ని నిలిపేసింది. జాతి ఒక్కటే కారణం కాకూడదు గానీ మిగతావాటితో కలిపి చూడొచ్చని జస్టిస్ కావనా రాశారు. ప్యూర్టోరికన్ తల్లిదండ్రులకు పుట్టిన జస్టిస్ సోటోమయోర్ దాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. లాటినోలా కనిపించి, స్పానిష్ మాట్లాడి, తక్కువ జీతం పని చేసేలా ఉన్నవాళ్లెవరినైనా ప్రభుత్వం పట్టుకోగల దేశంలో మనం బతకాల్సిన అవసరం ఉండకూడదన్నది ఆమె మాటల సారాంశం. ‘ఆయన అంటున్నది మమ్మల్ని కాదు’ అన్న నమ్మకానికి తగిలిన గట్టి దెబ్బ ఇదే.

ఫ్లోరిడాలో దెబ్బ వేరేలా తగిలింది. వెనెజ్వెలా వాళ్లు బాగా స్థిరపడిన డొరాల్ పట్టణం 2024లో ట్రంప్‌కు మంచి మెజారిటీ ఇచ్చింది. అధికారంలోకి వచ్చిన కొద్ది రోజులకే ప్రభుత్వం దాదాపు మూడున్నర లక్షల మంది వెనెజ్వెలన్ల తాత్కాలిక రక్షణను రద్దు చేసింది, మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని సాగనిచ్చింది. సరిహద్దులో పట్టుబడి, ఐ-220ఏ అనే ఫారం మీద విడుదలై గ్రీన్ కార్డుకు దారి దొరకని క్యూబన్లను కూడా ఇమ్మిగ్రేషన్ ఆఫీసుల దగ్గరే పట్టుకున్నారు. ‘లాటినాస్ ఫర్ ట్రంప్’ను మొదలెట్టినవాళ్లలో ఒకరైన రాష్ట్ర సెనేటర్ ఇలియానా గార్సియా జూన్‌లో, మేం ఓటేసింది దీనికోసం కాదు, ఇది అమానుషమని బాహాటంగా రాశారు. రిపబ్లికన్ ప్రతినిధి మరియా ఎల్విరా సలాసార్, చాలా ఏళ్లుగా ఇక్కడున్నవాళ్లకు చట్టబద్ధత ఇచ్చే బిల్లును డెమోక్రాట్ వెరోనికా ఎస్కోబార్‌తో కలిసి మళ్లీ ప్రవేశపెట్టారు. దక్షిణ టెక్సాస్‌లో ఇళ్లు కట్టే వ్యాపారులు, అందులో ట్రంప్‌కు ఓటేసినవాళ్లు కూడా, పనిచోట్ల దాడుల వల్ల కూలీలు రావడం మానేశారని, సగం కట్టిన ఇళ్లు ఆగిపోయాయని గోల పెట్టారు.

అలాగని అందరూ పశ్చాత్తాపపడ్డారని రాసేస్తే అదీ తప్పే. 2025 చివర్లో ప్యూ చేసిన సర్వేలో లాటినోల్లో 65 శాతం మంది ప్రభుత్వ వలస విధానం బాగోలేదన్నారు. కానీ ట్రంప్‌కు ఓటేసిన లాటినోల్లో 81 శాతం మంది ఆయన పనితీరును అప్పటికీ మెచ్చుకున్నారు. ఏడాది మొదట్లో అది 93. తగ్గింది, కూలిపోలేదు. సరిహద్దు దాటివచ్చేవాళ్ల సంఖ్య బాగా తగ్గడం వాళ్లకు నచ్చింది. నచ్చనిది ఊళ్లోకి వచ్చి తోటమాలిని పట్టుకుపోవడం. ఈ రెంటినీ విడదీసి చూడడం చేతకాక అటు పార్టీ, ఇటు పార్టీ ఇబ్బంది పడుతున్నాయి. హిస్పానిక్‌లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని పసేయిక్ కౌంటీ 2024లో ట్రంప్‌ను గెలిపించింది, 2025 నవంబర్‌లో గవర్నర్ ఎన్నికకు డెమోక్రాట్‌ను భారీ తేడాతో గెలిపించింది.

టెక్సాస్ రిపబ్లికన్లు మాత్రం 2024 ఓటు నిలుస్తుందనే పందెం కాశారు. 2025 ఆగస్టులో కాంగ్రెస్ నియోజకవర్గాల సరిహద్దులు మార్చి అయిదు సీట్లు అదనంగా గెలిచేలా మ్యాపు గీశారు. వాటిలో చాలావాటిలో హిస్పానిక్‌లే మెజారిటీ. ఆ మ్యాపు మీద కోర్టుకెళ్లిన సంఘాల్లో మొదటి పేరు లులాక్‌ది. నవంబర్‌లో ఎల్ పాసోలోని ఫెడరల్ కోర్టు మ్యాపును ఆపింది, డిసెంబర్ 4న సుప్రీంకోర్టు 2026 ఎన్నికలకు దాన్నే వాడుకోవచ్చంది. ఆ ఎన్నికల్లో రియో గ్రాండే లోయలోని ఒక సీటుకు తెహానో (టెక్సాస్ మెక్సికన్ల సంగీతం) గాయకుడు బాబీ పులీదో డెమోక్రాట్‌గా రంగంలోకి దిగాడు. ఎదురుగా ఉన్నది రిపబ్లికన్ మోనికా డె లా క్రూస్. సరిహద్దు గట్టిగా ఉండాలా వద్దా అనే చర్చ ఆ లోయలో ఎప్పుడో ముగిసిపోయింది. ఇప్పుడు ఓట్లు అటూ ఇటూ అయ్యేది ఇల్లు కట్టేచోట, పొలంలో ఎవరిని ఆపుతున్నారన్న దాని మీదే.